తెలుగు అక్షరం కుంచె పట్టిన కథ

మాఘం వచ్చిందంటే ఆదోనిలో ప్రింటింగ్ ప్రెస్సులకు ఊపిరి సలపదు. శుభలేఖల రంగులు మారుతుంటాయి, వినాయకుడి భంగిమ మారుతుంది, ఇంటిపేర్లూ గోత్రాలూ మారతాయి. అక్షరం మాత్రం మారదు. తలకట్టు పిట్టతోకలా పైకి ఎగురుతుంది. కొమ్ము తీరిగ్గా కిందికి జారుతుంది. లావుగా మొదలైన గీత మలుపు తిరిగేసరికి వెంట్రుకవాసికి సన్నగిల్లుతుంది. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన గృహప్రవేశం కార్డు మీదా అదే అక్షరం, మంత్రాలయం దారిలో టిఫిన్ సెంటర్ బోర్డు మీదా అదే. దాన్ని బాపు అక్షరం అంటారు.

నరసాపురంలో 1933 డిసెంబర్ 15న పుట్టి, మద్రాసులో లా చదివి, కోర్టు మెట్లెక్కకుండా బొమ్మలు వేసుకుని, సినిమాలు తీసి, 2014 ఆగస్టు 31న చెన్నైలో కన్నుమూసిన సత్తిరాజు లక్ష్మీనారాయణ దస్తూరీ అది. ఎవరో టైపు ఫౌండ్రీలో కొలతలు వేసి చెక్కిన అచ్చు కాదు. ఒక మనిషి చేతిరాత. ఒకరి చేతిరాత ఒక భాషవాళ్ల పెళ్లిళ్లకూ పేరంటాలకూ లిపి అయి కూర్చోవడం లోకంలో తరచూ జరిగే పని కాదు. అలా జరగడాన్ని వింతగా కాక, గౌరవంగా, వందల ఏళ్ల ఆనవాయితీగా చూసే దేశం ఒకటుంది. చైనా. అక్కడి అద్దంలో మన అక్షరాన్ని ఒకసారి చూసుకుంటే కొన్ని సంగతులు గర్వంగా ఉంటాయి, కొన్ని గుచ్చుకుంటాయి.

బీజింగ్‌లో ఒక హాస్యగాడు

చీ గొంగ్ 1912లో పుట్టాడు. చైనాను ఏలిన మంచూ చక్రవర్తి యోంగ్‌జెంగ్ వంశంవాడు. పుట్టేనాటికే సింహాసనం పోయింది. పసితనంలోనే తండ్రీ పోయాడు. బడి చదువు సాంతం కాలేదు. చెన్ యువాన్ అనే చరిత్రకారుడు చేరదీసి పంతులుద్యోగం ఇప్పిస్తే, అక్కడ మొదలై బీజింగ్ నార్మల్ యూనివర్సిటీలో ప్రాచీన సాహిత్య ఆచార్యుడయ్యాడు. పద్యం రాస్తాడు, బొమ్మ వేస్తాడు. పాత చిత్రపటం చేతికిస్తే అసలుదో నకిలీదో చెబుతాడు. ఇవన్నీ కాక రాస్తాడు. రాయడమంటే పుస్తకాలు రాయడం కాదు, అక్షరాలు రాయడం. బీజింగ్‌లో దుకాణాల బోర్డులకూ పుస్తకాల అట్టలకూ ఆయన చేతిరాత కోసం జనం వరసలు కట్టారు. 1997లో తమ విశ్వవిద్యాలయానికి ఆదర్శవాక్యం కూర్చింది ఆయనే, దాన్ని కుంచెతో రాసిచ్చిందీ ఆయనే. ఆయన రాత తర్వాత కంప్యూటర్ ఫాంటుగానూ వచ్చింది.

1950ల చివర ఆయన మీద రాజకీయ ముద్ర పడింది. సాంస్కృతిక విప్లవం రోజుల్లో ఆయనకు అప్పజెప్పిన పనుల్లో గోడల మీద అంటించే పెద్దక్షరాల పోస్టర్లకు నకళ్లు రాయడం ఒకటి. తర్వాత ఎవరైనా మీది ఏ గురువు శైలి అని అడిగితే, గోడపోస్టరు శైలి అని నవ్వేవాడట. బజారులో తన పేరుతో నకిలీ రాతలు అమ్ముతుంటే, వాటిలో బాగున్నవి తనవి కావని చెప్పేవాడని బీజింగ్‌లో కథలుగా చెప్పుకుంటారు. తన సమాధి మీద రాయాల్సిన పద్యాన్ని అరవై ఆరేళ్లప్పుడే తన మీద తానే జోకులు వేసుకుంటూ రాసిపెట్టుకున్నాడు. ఆ తర్వాత ఇరవై ఏడేళ్లు బతికి 2005లో పోయాడు.

బాపును ఎరిగినవాళ్లకు ఈ మనిషి కొత్తగా అనిపించడు. పొగడ్త వినబడితే పక్కకు తప్పుకోవడం, మాటను పొదుపుగా వాడి గీతను ధారాళంగా వాడడం, నవ్వించి తప్పించుకోవడం ఇద్దరిలోనూ ఉన్నవే. తేడా ఒక్కటే. చీ గొంగ్ వెనక పదహారు వందల ఏళ్లకు పైబడిన పరంపర నిలబడి ఉంది. బాపు వెనక ఏముంది? ఈ కథనం పుట్టింది ఆ ప్రశ్నలోంచే.

పండితుడి చేతిలో కుంచె

చైనాలో రాత గొప్పకళ. చిత్రకళ కన్నా ఒక మెట్టు పైన. దాన్ని సాధన చేసింది వృత్తి కళాకారులు కాదు, చదువుకున్న అధికారులు. ప్రభుత్వోద్యోగం కావాలంటే పరీక్ష రాయాలి, పరీక్షలో దస్తూరీ కూడా చూస్తారు. కాబట్టి జిల్లా అధికారీ, మంత్రీ, పదవి ఊడి ఊరి చివర తోటలో కూర్చున్న మాజీ మంత్రీ అందరి చేతుల్లోనూ కుంచె ఉండేది. కుంచె, సిరా, కాగితం, సిరా నూరే రాయి. ఈ నాలుగూ చదువుకున్నవాడి గదిలో నిధులు. కవిత్వం, చిత్రం, రాత మూడూ ఒకే మనిషిలో కుదిరితే ఆ మనిషి పూర్ణుడు. డబ్బు కోసం చేసేవాణ్ని అక్కడ చిన్నచూపు చూశారు. అందులో పెద్దింటివాళ్ల అహంకారం కూడా ఉందనుకోండి.

మెత్తని జంతు రోమాల కుంచె మనసును దాచుకోనివ్వదు. ఒత్తితే లావు, తేల్చితే సన్నం, ఆగితే మరక. కాగితం సిరాను వెంటనే పీల్చుకుంటుంది కాబట్టి దిద్దుబాటు లేదు. క్రీస్తుశకం 353లో వాంగ్ షీజి అనే అధికారి ఒక వాగు ఒడ్డున మిత్రులతో కలిసి మద్యం తాగుతూ, పద్యాలు కట్టుకుంటూ, ఆ పద్యాల సంపుటికి అక్కడికక్కడే ముందుమాట రాశాడు. మర్నాడు మత్తు దిగాక అదే మళ్లీ రాయబోతే ఎన్నిసార్లు రాసినా అంత బాగా రాలేదని కథ. ఆ కాగితాన్ని ఒక చక్రవర్తి తన సమాధిలో పెట్టించుకున్నాడంటారు. ఇప్పుడు మిగిలినవి నకళ్లే. చైనా పిల్లలు ఈనాటికీ ఆ నకళ్లకు నకళ్లు రాస్తారు.

నాకు వాంగ్ షీజి కన్నా యెన్ జెన్‌చింగ్ ఎక్కువ నచ్చుతాడు. తిరుగుబాటులో చంపబడ్డ అన్నకొడుకు కోసం 758లో ఆయన రాసుకున్న శ్రద్ధాంజలి చిత్తుప్రతి తైపేలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. కొట్టివేతలు, అలుకుడు, పక్కన ఇరికించిన మాటలు. సిరా అయిపోయినా కుంచె ముంచకుండా గీకుతూ పోయిన వరసలు. మన బడిలో అయితే పంతులు ఆ కాగితం మొహాన కొట్టేవాడు. అక్కడ అది దేశంలోనే గొప్ప రాతల్లో ఒకటి. ఏడుస్తున్న మనిషి చెయ్యి ఎలా నడిచిందో పన్నెండున్నర శతాబ్దాల తర్వాత కూడా అడుగు అడుగూ కనబడుతుంది కాబట్టి.

ఈ పరంపరలో మన కాలానికి దగ్గరి పెద్దపేరు హాంకాంగ్ పండితుడు జావ్ త్సుంగ్-యీది. 1917లో పుట్టి 2018లో, నూరేళ్లు దాటాక పోయాడు. ఎముకల మీద చెక్కిన అతిపురాతన చైనా లిపి మొదలుకొని దున్‌హువాంగ్ గుహల రాతప్రతుల దాకా ఆయన తవ్వని గని లేదు. బొమ్మలు వేసేవాడు, ఏడు తీగల వాద్యం వాయించేవాడు. 1963లో సంస్కృతం కోసం మన పుణె భండార్కర్ సంస్థకు వచ్చి కూర్చున్నాడు. హాంకాంగ్ దగ్గర లాంటౌ దీవిలో కొండ వాలు మీద 38 ఎత్తైన కొయ్యదూలాలు పాతి ఉన్నాయి. వాటి మీద ఆయన చేతిరాతలో ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం. నాగార్జునుడి పేరుతో పెనవేసుకున్న వాఙ్మయం అది, అంటే మన కృష్ణా తీరానికి మరీ పరాయిదేమీ కాదు. ఆ సూత్రం చైనా లిపిలో అంత ఎత్తున నిలబడి ఉంటే, నాగార్జునకొండ పక్కన తెలుగులో అలాంటిదొకటి లేకపోయిందే అని అసూయ కలుగుతుంది.

గంటానికి లావూ సన్నం తెలియవు

మనకెందుకు అలాంటి పరంపర లేకపోయింది? మొదటి జవాబు పనిముట్టులో ఉంది. మన పూర్వులు తాటాకు మీద ఇనప గంటంతో గీశారు. గీత లావు ఒకటే, ఒత్తిడికి మార్పు లేదు. అడ్డగీత గట్టిగా లాగితే ఆకు ఈనె వెంబడి చీలుతుంది, అందుకే మన అక్షరాలు గుండ్రం తిరిగాయని అంటారు. గీసిన గాడిలో మసి రుద్దితే తప్ప అక్షరం పైకి తేలదు. ఇలాంటి పనిలో ఓర్పుంటుంది, పొందికుంటుంది. చేతి ఉద్రేకానికి చోటు తక్కువ.

రెండో జవాబు మనుషుల్లో ఉంది. మన కావ్యాల్లో కవి చెబుతాడు, రాసేది లేఖకుడు. వ్యాసుడు చెప్పాడు, వినాయకుడు రాశాడు. విద్య అంతా నాలుక మీద, వ్రాయసం ఇంకొకరి వేళ్ల మీద. రాతగాడికి జీతం ఉండేది, కీర్తి లేదు.

అయితే మన దగ్గర వేగంగా పరుగెత్తిన రాత అసలు లేదా? ఉంది. దాన్ని కళ అని ఎవరూ అనలేదు, అంతే. కరణాల గొలుసుకట్టు. చెయ్యి ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించి, తలకట్లు కలిపేసి, ఒత్తులు ఊహకు వదిలేసి లాగే రాత. చైనాలో సరిగ్గా ఇలాంటి జోరు రాతనే గోడకు వేలాడదీసి దండాలు పెడతారు. మనం దాన్ని శిస్తు లెక్కల్లో వాడాం. మన వైపు, బళ్లారి వైపు, చింతగింజల గంజీ బొగ్గుపొడీ పట్టించి నల్లబరిచిన గుడ్డను మడతలు పెట్టి, దాన్ని కడితం అంటూ, దాని మీద బలపంతో లెక్కలు రాసేవారు. 1800లో దత్తమండలాలు కుంఫిణీ చేతికి వచ్చాక థామస్ మన్రో ఈ లెక్కల మీద ఆధారపడే శిస్తులు కట్టాడు. కాలిన్ మెకంజీ కోసం ఊరూరి కైఫీయతులు రాసిచ్చింది ఈ చేతులే.

రైతుకు చదవడం రాకపోతే కరణానికి లాభం. గొలుసుకట్టు ఎంత ముడిపడితే అంత అధికారం. చదవరాని రాత ముందు భూమి పోగొట్టుకున్నవాళ్ల కథలు ఈ పల్లెల్లో ఇప్పటికీ వినొచ్చు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసినప్పుడు ఎవరూ కన్నీళ్లు పెట్టలేదు, పెట్టాల్సిన పనీ లేదు. కానీ ఆ రాతను పట్టిపట్టి చదవగల కళ్లు కూడా వాటితోపాటే ఒక్కొక్కటీ మూతపడుతున్నాయి. అధికారం పోవాల్సిందే. రాత పోనక్కర్లేదు.

చదువురాని దివాను, కలాల పాదుషా

ఆదోనికి అక్షరంతో ఉన్న చుట్టరికం చిన్నది కాదు. మంత్రాలయం వెళ్లే ప్రతి భక్తుడికీ తెలిసిన కథలో ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ ఉన్నాడు, పశువులు కాసుకునే వెంకన్న ఉన్నాడు. నవాబుకు ఒక ఉత్తరం వచ్చింది, చదివేవాళ్లు దగ్గర లేరు. ఎదురుగా కనబడ్డ వెంకన్నను చదవమన్నాడు. రాదంటే కన్నెర్రజేశాడు. వెంకన్న రాఘవేంద్రస్వామిని తలుచుకుని గడగడా చదివేశాడు, ఆదోనికి దివాను అయ్యాడు. తర్వాత స్వామికి మంచాల గ్రామం దక్కడం, 1671లో అక్కడే బృందావన ప్రవేశం, అంతా తెలిసిన కథే. నమ్మకం సంగతి ఎవరిది వారికి. నన్ను పట్టేది ఇంకొకటి: కోట గుమ్మంలో ఒక కాగితం చదవగలిగితే గొడ్లకాపరి దివాను కాగలిగేంత ఎత్తున ఉండేది చదువు.

మసూద్ ఖాన్ అంటే మనకు ఆయన కట్టించిన జామియా మసీదు. ఆ రోజుల్లో ఆదోని బీజాపూర్ ఏలుబడిలోది. 1568లో విజయనగరం చేజారినప్పటి నుంచీ అంతే. ఆ బీజాపూర్‌ను 1580 నుంచి 1627 దాకా ఏలిన రెండో ఇబ్రహీం ఆదిల్‌షా మన దక్కనులో పుట్టిన అసలైన పండిత కళాకారుడు. పాటలు కట్టాడు, తంబూరా వాయించాడు, బొమ్మలు వేశాడు, అందంగా రాసేవాడు. దక్కనీలో తాను కట్టిన పాటల పుస్తకం కితాబ్-ఎ-నౌరస్‌లో సరస్వతిని కొలిచిన సుల్తాను. దాన్ని అందమైన నస్తాలీక్ లిపిలో రాసి తెచ్చిన ఖలీలుల్లాకు 1618లో కలానికి పాదుషా అని బిరుదిచ్చి తన సింహాసనం మీద కూర్చోబెట్టాడని చెబుతారు. చైనా చక్రవర్తులు కూడా అంత పని చేసినట్టు నేను చదవలేదు.

1680ల చివర ఔరంగజేబు సేన ఆదోనిని ముట్టడించి ఫిరంగులను మసీదు వైపు తిప్పిందట. కోట పోయినా సరే, మసీదు దెబ్బతినకూడదని మసూద్ ఖాన్ లొంగిపోయాడని బళ్లారి గెజిటీర్ చెప్పిన కథ. ఆ మొఘల్ సేనల్లో బికనేర్ రాజు అనూప్ సింగ్ ఉన్నాడు. కత్తి కన్నా పుస్తకం మీద ఎక్కువ ప్రేమ ఉన్నవాడు. దక్కనులో దొరికిన రాతప్రతులన్నీ పోగేసి బికనేర్‌కు పంపాడు. ఈనాటికీ అక్కడ అనూప్ సంస్కృత గ్రంథాలయం ఆయన పేరుతోనే ఉంది. ఆదోని నుంచి తరలిన దక్కనీ చిత్రాలు కూడా బికనేర్ ఖజానాకే చేరాయి. అనూప్ సింగ్ మాత్రం వెనక్కి వెళ్లలేదు, 1698లో ఆదోనిలోనే పోయాడు. మన బొమ్మలు ఎడారికి వెళ్లాయి, ఎడారి రాజు మన మట్టిలో కలిశాడు.

ఇద్దరు కలిస్తే ఒక పూర్ణుడు

బాపు వెనక ఏముందన్న ప్రశ్న దగ్గరికి వద్దాం. పూర్తిగా ఏమీ లేకపోలేదు. అడివి బాపిరాజు (1895–1952) రాజమండ్రిలో ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయ ప్రిన్సిపాలు దగ్గర దామెర్ల రామారావుతో పాటు బొమ్మలు నేర్చుకున్నాడు. పాటలు రాశాడు, నవలలు రాశాడు, సినిమాలకు కళాదర్శకత్వం చేశాడు, మీజాన్ పత్రిక నడిపాడు. తెనాలి దాపున తుమ్మపూడిలో సంజీవదేవ్ (1914–1999) ఊరు కదలకుండా కూర్చుని పేస్టెల్ బొమ్మలు వేస్తూ, పడుచుతనంలో కులూ లోయలో చిత్రకారుడు రోరిక్ దగ్గర చూసిన హిమాలయాన్ని తలుచుకుంటూ, దేశదేశాల ఆలోచనాపరులకు ఉత్తరాలు రాశాడు. చైనా పాతకాలపు పండితుల్లో పదవులకు దూరంగా పల్లెలో బతికినవాళ్లకు పెద్దపీట. మన దగ్గర ఆ పీట మీద కూర్చోదగ్గ మనిషి ఆయనే.

కానీ అక్షరం? బాపిరాజూ సంజీవదేవ్ బొమ్మ వేశారు, రచన చేశారు. తెలుగు అక్షరాన్నే బొమ్మగా చూసి, దానికి కుంచె ఒడుపు నేర్పి, దాన్ని లక్షల ఇళ్లలోకి పంపినవాడు బాపు. 1955లో లా పట్టా, అదే ఏడు ఆంధ్రపత్రికలో కార్టూనిస్టు ఉద్యోగం. తర్వాత అడ్వర్టయిజింగ్ కంపెనీల్లో పని. అదీ కలిసొచ్చింది, ప్రకటనల్లో అక్షరం అరక్షణంలో కన్ను పట్టుకోవాలి కదా. కథ పేరు రాస్తే కథ గుణం తెలిసేది. దెయ్యం కథకు అక్షరాలు వణికేవి, అత్తాకోడళ్ల కథకు మూతి విరిచేవి. సత్యం శంకరమంచి అమరావతి కథలకు వేసిన బొమ్మల్లో నాలుగు గీతల్లో కృష్ణ పారింది. ఆ గీతకూ అక్షరం గీతకూ తేడా లేదు. చైనా పండితులు కోరిందీ అదే కదా, వెదురు ఆకు వేసిన చెయ్యే అక్షరం రాయాలని.

పాండిత్యం మాటకొస్తే బాపు ఉపన్యాసాలివ్వలేదు. రామాయణాన్ని బొమ్మలుగా, సినిమాలుగా జీవితమంతా చదువుతూనే పోయాడు. 1971లో సంపూర్ణ రామాయణం, 1976లో సీతాకల్యాణం, చివరి సినిమా 2011లో శ్రీరామరాజ్యం. బడే గులాం అలీఖాన్, మెహదీ హసన్‌ల పాటంటే ప్రాణం. షూటింగ్‌కు ముందే సన్నివేశాలన్నీ బొమ్మలుగా గీసుకునేవాడు. మరి కవిత్వం? అది స్నేహితుడు ముళ్లపూడి వెంకటరమణ దగ్గర ఉంది. బుడుగు మాట రమణది, బుడుగు ముక్కూ పిలకా బాపువి. 2011లో రమణ పోయేదాకా ఒకరి పేరు తలిస్తే రెండోవారి పేరు నోటికి వచ్చేది. చైనావాళ్లు మూడు కళలూ ఒకే మనిషిలో ఉండాలన్నారు. మనం దాన్ని ఇద్దరు స్నేహితుల మధ్య పంచుకున్నాం. ఇందులో మనదే మెరుగనిపిస్తుంది నాకు.

ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది 2013లో, డెబ్భై తొమ్మిదేళ్ల వయసులో. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు.

గోడ మీది గురువులు

బాపు అక్షరం పత్రికల్లోంచి వీధిలోకి ఎలా వచ్చింది? సినిమా పోస్టరు ఎక్కి వచ్చింది, బోర్డు ఆర్టిస్టు చేతిలోంచి వచ్చింది. బాపు మొదటి సినిమా సాక్షి (1967) తోనే పబ్లిసిటీ ఆర్టిస్టుగా అడుగుపెట్టిన ఈశ్వర్ లాంటివాళ్లు సినిమా పేరును ఒక వస్తువులా చూడడం అలవాటు చేశారు. ఆ పోస్టరు రాయలసీమ ఊళ్లలో గోడెక్కిన మర్నాటికి స్థానిక ఆర్టిస్టు కళ్లలోకి ఎక్కేది.

ఆదోని లాంటి ఊరు ఈ ఆర్టిస్టులకు కఠినమైన పరీక్ష. పత్తి, వేరుశనగ వ్యాపారం మీద రెండో బొంబాయి అనిపించుకున్న ఊరు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రంలో చేరేదాకా బళ్లారి జిల్లాలోది. అందుకే ఒకే బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ నడిచేవి. ఎడమ నుంచి కుడికి రెండు లిపులు, కుడి నుంచి ఎడమకు ఒకటి, ఒకే రేకు మీద ఒకే చేత్తో. ముగ్గుపిండి అద్దిన దారాన్ని రెండు కొసలా లాగిపట్టి టప్పున వదిలితే గీత పడుతుంది. ఆ గీతల మధ్య చాక్‌పీసుతో లెక్క, ఆపై ఎనామెల్ పెయింటులో ముంచిన చదరపు కుంచె. చెయ్యి వణక్కుండా కింద ఒక కర్ర ఆధారం. ముందు ఒళ్లు, తర్వాత నీడ. జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్ల మీద మార్కాకు రేకు కోసిచ్చేదీ వీళ్లే. ప్రతి బేలు మీదా ప్రెస్సు గుర్తూ వరస నంబరూ ఉండాలని 1925 నాటి చట్టం చెప్పింది మరి.

ఎమ్మిగనూరులో పని వేరు. మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరది. మగ్గం మీద అక్షరం నేయాలంటే సున్న కూడా మెట్లు మెట్లుగా వస్తుంది. పడుగూ పేకా అడ్డం నిలువే తప్ప వంపు ఎరగవు. తెలుగు అక్షరానికి గంటమూ మగ్గమూ రెండూ సవతితల్లులే. కన్నతల్లి కుంచె. దాన్ని మనం ఇరవయ్యో శతాబ్దంలో, అదీ రాజాస్థానంలో కాదు, వారపత్రికలోనూ బజారు గోడ మీదా కలుసుకున్నాం.

తర్వాత ఫ్లెక్స్ వచ్చింది. రాత్రి ఆర్డరిస్తే తెల్లారేసరికి నిలువెత్తు నాయకుడు, కింద బాపు ఫాంటులో జన్మదిన శుభాకాంక్షలు. కుంచె పట్టిన చేతుల్లో కొన్ని ఇళ్లకు సున్నాలు వేస్తున్నాయి, కొన్ని ఎన్నికలప్పుడు గోడల మీద గుర్తులు దిద్దుతున్నాయి.

ఫాంటు మీద నాకు పగ లేదు. అది లేకపోతే బాపు అక్షరం ఈపాటికి పాత సంచికల్లో చెదలకు ఆహారమయ్యేది. కానీ శుభలేఖను దగ్గరికి తీసుకుని చూడండి. 'కల్యాణం'లో 'క', 'కర్నూలు'లో 'క', 'కుమారి'లో 'క' మూడూ ఒకే పోత. బాపు చేత్తో రాసినప్పుడు పక్క అక్షరాన్ని బట్టి ప్రతి 'క' కొంచెం జరుగుతుంది, ఒరుగుతుంది, చోటిస్తుంది. యంత్రం ఆ మర్యాద ఎరగదు. చైనా పిల్లవాడు వాంగ్ షీజిని ఏళ్ల తరబడి అనుకరించేది చివరికి ఆయన్ని వదిలి తన చెయ్యి తాను పట్టుకోవడానికి. మనం అనుకరణ దగ్గరే ఆగిపోయి దాన్ని టైపు చేస్తున్నాం. ఇందులో బాపు తప్పు లేదు గానీ, ఆయన గెలుపు మిగతా చేతులను మింగేసిందన్నది నిజం. చిత్రకారుడు వడ్డాది పాపయ్యది వేరే వంపు. శీలా వీర్రాజు కవీ నవలాకారుడూ చిత్రకారుడూ, ఆయన అట్టల మీది అక్షరానికి వేరే నిదానం. కార్టూనిస్టు మోహన్ పోస్టర్ల అక్షరంలో వేరే తెగింపు. వాటిని ఎవరూ శుభలేఖ మీదికి తేలేదు. కావ్యకర్తల పేర్లతో ధూర్జటి, సూరన్న, పెద్దన లాంటి యూనికోడ్ ఫాంట్లు వచ్చాయి, ఉచితంగా దొరుకుతాయి. ఈసారి ప్రెస్సుకు వెళ్లినప్పుడు అడిగి చూడండి.

ఎర్రగుడి రాతగాడు

మన వైపు రాతకు వయసెంతో చూడాలంటే గుత్తి, పత్తికొండల మధ్య రోడ్డు మీదున్న ఎర్రగుడికి వెళ్లాలి. అశోకుడి పద్నాలుగు పెద్ద శాసనాలూ చిన్న శాసనాలూ ఒకేచోట ఉన్న అరుదైన గుట్ట. 1920ల చివర ఒక భూగర్భ శాస్త్రవేత్త కంట పడేదాకా పండితలోకానికి తెలియదు. పక్కనున్న జొన్నగిరి చేలల్లో తొలకరికి వజ్రాలు దొరుకుతాయని జనం జాతరలా దిగుతారు. అంత దగ్గర్లో ఉన్న అక్షరాల వైపు తిరిగేవాళ్లు తక్కువ.

ఆ గుట్ట మీద చిన్న శాసనం చెక్కినవాడు వింత పని చేశాడు. బ్రాహ్మీ ఎడమ నుంచి కుడికి నడిచే లిపి. ఈయన కొన్ని వరసలు అలా నడిపి, కొన్ని వెనక్కి కుడి నుంచి ఎడమకు తిప్పాడు. కాడెద్దులు చేను దున్నినట్టు అని పండితులు అంటారు గానీ, ఆ లెక్క కూడా చివరిదాకా సరిగా కుదరదు. పొరపాటా, సరదానా, చోటు చాలకనా, ఎవరి వాదన వారిది. నాకు మాత్రం చక్రవర్తి ఆజ్ఞ చెక్కుతూ కూడా తన చెయ్యి తాను నడుపుకున్న మనిషి కనబడతాడు. ధర్మం బోధించాల్సిన వాళ్ల జాబితాలో మావటీలతో పాటు రాతగాళ్లనూ చేర్చింది ఆ శాసనమే.

చెక్కినవాడి పేరు ఎర్రగుడిలో లేదు. పేరు కావాలంటే చిత్రదుర్గం జిల్లా బ్రహ్మగిరికి పోవాలి. అక్కడా, చుట్టుపక్కల రెండు గుట్టల మీదా చపడ అనే లేఖకుడు సంతకం పెట్టుకున్నాడు. శాసనం బ్రాహ్మీలో ఉంటే, తన వృత్తిని మాత్రం వాయవ్య సరిహద్దుల ఖరోష్ఠీ లిపిలో, కుడి నుంచి ఎడమకు రాసుకున్నాడు. తనకు రెండు లిపులూ వచ్చని చూపించుకోవడం తప్ప దానికి ఇంకో కారణం కనబడదు. ఆదోని బజారులో మూడు లిపులు దిద్దిన బోర్డు ఆర్టిస్టులకు ఆయన్ని మూలపురుషుడు అనుకోవచ్చు.

బ్రహ్మగిరికి బళ్లారి మీదుగా దారి ఉంది. ఎర్రగుడి మరీ దగ్గర. వెళ్లదలచినవాళ్లు ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడే, పొద్దున్నే చేరుకోండి. సూర్యుడు నడినెత్తికి వచ్చాక గాడిలో నీడ ఉండదు, అక్షరం రాయిలో కలిసిపోతుంది.